ప్రోగ్రాము నడుస్తుండగా షేర్డ్ లైబ్రరీల లోడింగ్, సింబళ్ల వెతుకులాట: బోధన, భద్రత, బాధ్యతలపై తీర్మానం

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలల కంప్యూటర్ అధ్యాపకులు, ల్యాబ్ సిబ్బంది, విద్యార్థి ప్రతినిధులు, ఈ జిల్లాల నుంచి వెళ్లి సాఫ్ట్‌వేర్ వృత్తిలో స్థిరపడినవారు కర్నూలులో ఉమ్మడి సభగా సమావేశమై, పై అంశాన్ని అన్ని కోణాల నుంచి చర్చించి, ఆమోదించిన తీర్మానం.

మొదటి భాగం: సభ గమనించిన విషయాలు

1. సభ గమనించినదేమనగా, నేటి ప్రోగ్రాము సాధారణంగా తనకు కావలసిన కోడంతా తనలోనే పెట్టుకుని నడవదు. నడుస్తుండగానే వేరే ఫైలులోని కోడ్‌ను మెమరీలోకి తెచ్చుకుంటుంది. అందులో ఫలానా పేరుగల (ఈ పేరునే సింబల్ అంటారు) ఫంక్షన్ ఏ అడ్రసులో ఉందో అడిగి, ఆ అడ్రసును పట్టుకుని పిలుస్తుంది. యూనిక్స్ కుటుంబంలో ఈ పనికి డీఎల్‌ఓపెన్, డీఎల్‌సిమ్, డీఎల్‌క్లోజ్, డీఎల్‌ఎర్రర్ అనే నాలుగు ఫంక్షన్లు ఉన్నాయి. సన్‌ఓఎస్ నుంచి వచ్చిన ఈ ఏర్పాటు 2001 నాటి పోసిక్స్ ప్రమాణంలో చేరింది. విండోస్‌లో లోడ్‌లైబ్రరీ, గెట్‌ప్రాక్‌అడ్రస్, ఫ్రీలైబ్రరీ అదే పని చేస్తాయి. పైథాన్‌లో సీ భాషలో రాసిన మాడ్యూలును ఇంపోర్ట్ చేసినా, జావాలో నేటివ్ లైబ్రరీని పిలిచినా లోపల జరిగేది ఇదే. కనుక ఈ విషయం సీ భాష నేర్చినవారికే పరిమితమైనది కాదు.

2. సభ గమనించినదేమనగా, లినక్స్‌లో తెలుగు టైపు చేసేవారు తమకు తెలియకుండానే ఈ పద్ధతి మీద ఆధారపడుతున్నారు. జీటీకే 3తో రాసిన ఎడిటర్‌కు కంపైల్ అయ్యే నాటికి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి తెలుగు టైపింగ్ పద్ధతుల గురించి ఏమీ తెలియదు. తెరిచిన తరువాత, సెట్టింగుల్లో ఉన్న ఇన్‌పుట్ మాడ్యూలు పేరు చూసి, ఆ షేర్డ్ లైబ్రరీని లోడ్ చేసుకుని, అందులో ఉండవలసిన ఫంక్షన్లను పేరుతో వెతికి పిలుస్తుంది. ఎడిటర్ రాసినవారికి తెలుగు రాకపోయినా ఆ ఎడిటర్‌లో తెలుగు పడుతున్నదంటే కారణం ఈ ఏర్పాటే. తెలుగువారికి ఇది చేసిన మేలు చిన్నది కాదని సభ నమోదు చేస్తున్నది.

3. సభ గమనించినదేమనగా, ఉమ్మడి లైబ్రరీలో ఒక్క లోపం ఉంటే దాని ప్రభావం ఎంత దూరం పోతుందో 2018 ఫిబ్రవరిలో మన అక్షరమే లోకానికి చూపింది. 'జ్ఞా' అనే గుణింతాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే ఐఫోన్లలో మెసేజి యాప్‌లు కుప్పకూలాయి. ఆ కూర్పులో జకారం, దాని మీద పొల్లు, ఞకారం, ఆ తరువాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, చివర దీర్ఘం వరుసగా ఉన్నాయి. తప్పు ఆ యాప్‌లలో ఏ ఒక్కదానిదీ కాదు. అవన్నీ అక్షరాలను తెర మీద కూర్చడానికి వాడుకునే ఆపిల్ కోర్‌టెక్స్ట్ లైబ్రరీలో ఉంది. అందుకే ఒకదానికొకటి సంబంధం లేని యాప్‌లు ఒకే అక్షరానికి ఒకే తీరున పడిపోయాయి. 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల కావడంతో, ఏ యాప్‌నూ విడిగా సరిచేయనవసరం లేకుండానే అన్నీ బాగుపడ్డాయి. లోపం ఉమ్మడిగా పాకింది, దిద్దుబాటూ ఉమ్మడిగానే అందింది.

4. సభ గమనించినదేమనగా, మీసేవ ద్వారా వచ్చే ధ్రువపత్రాల మీద అధికారి చేసే డిజిటల్ సంతకం వెనుక కూడా ఇలాంటి ఏర్పాటే పనిచేస్తుంది. పీకేసీఎస్ 11 ప్రమాణం ప్రకారం నడిచే యూఎస్‌బీ టోకెన్‌కు దాని తయారీదారు ఒక షేర్డ్ లైబ్రరీ ఇస్తాడు. సంతకం చేయించే ప్రోగ్రాము దాన్ని లోడ్ చేసి, 'సీ గెట్ ఫంక్షన్ లిస్ట్' అనే ఒక్క సింబల్‌ను వెతుకుతుంది. మిగిలిన ఫంక్షన్లన్నిటి అడ్రసులూ ఆ ఒక్క పిలుపుతో చేతికి వస్తాయి. ఆ లైబ్రరీ లేకున్నా, 32 బిట్ ప్రోగ్రాముకు 64 బిట్ లైబ్రరీ ఎదురైనా లోడింగ్ అక్కడే ఆగిపోతుంది. సంతకం పడదు, కౌంటరు ముందు నిలబడ్డ మనిషి పని జరగదు.

5. సభ గమనించినదేమనగా, 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఈ అంశానికి కేంద్రమైనది. ఎక్స్‌జెడ్ ప్యాకేజీలోని, కుదింపు పనికి వాడే లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌కు ఆ లైబ్రరీతో నేరుగా పని లేదు. అయితే కొన్ని లినక్స్ పంపిణీలు, సేవలను నడిపే సిస్టమ్‌డీకి కబురు పంపడం కోసం, ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌కు లిబ్‌సిస్టమ్‌డీని జోడించాయి. లిబ్‌సిస్టమ్‌డీ వెంట లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ కూడా మెమరీలోకి చేరింది. ఆ దొంగ కోడ్ సింబళ్ల అడ్రసులు తేలే ఘడియ కోసం కాచుకుని, ఆర్‌ఎస్‌ఏ తాళాన్ని పరీక్షించే ఫంక్షన్ పేరు రాగానే తన అడ్రసును అందించింది. లాగిన్‌కు అరసెకను ఆలస్యం ఎందుకవుతున్నదని ఒక మనిషి పట్టుపట్టి వెతకడం వల్లనే అది బయటపడింది.

6. సభ గమనించినదేమనగా, ఆ తరువాత 2024 జూన్‌లో వచ్చిన సిస్టమ్‌డీ 256లో లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ లాంటి లైబ్రరీలను అవసరమైనప్పుడే డీఎల్‌ఓపెన్‌తో తెచ్చుకునే పద్ధతిని విస్తరించారు. ఇలా తెచ్చుకునే లైబ్రరీలు, ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలను చూపే ఎల్‌డీడీ అనే పనిముట్టు జాబితాలో కనిపించవు కాబట్టి, వాటి పేర్లను ఈఎల్ఎఫ్ ఫైలులోనే ఒక నోట్‌గా రాసి ఉంచే ఏర్పాటు కూడా చేశారు. దాచి లోడ్ చేయడానికీ, చెప్పి లోడ్ చేయడానికీ ఉన్న తేడాను ఈ ఏర్పాటు చూపుతున్నది. ఈ తీర్మానానికి ఆధారం ఆ తేడాయే.

7. సభ గమనించినదేమనగా, 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము కూడా, ఫైలు పేరును చూసి లోడర్ నమ్మే తీరునే వాడుకుంది. సీమెన్స్ స్టెప్ 7 సాఫ్ట్‌వేర్ కంట్రోలర్లతో మాట్లాడేందుకు వాడే డీఎల్ఎల్ (విండోస్ షేర్డ్ లైబ్రరీ) పేరు మార్చి పక్కన పెట్టి, అదే పేరుతో, అవే సింబళ్లతో తన ఫైలును కూర్చోబెట్టింది. చాలా పిలుపులను అసలు ఫైలుకే పంపింది, తనకు కావలసినవాటిని మాత్రం మార్చింది. శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రం, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం, ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న సీమలో కంట్రోల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఈ పాఠం తప్పక అందాలి.

రెండవ భాగం: సభ విచారం తెలిపిన విషయాలు

8. సభ విచారంతో నమోదు చేస్తున్నదేమనగా, లింకింగ్, లోడింగ్ అనే మాటలు ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్ పాఠాల్లో వినిపిస్తున్నా, నడుస్తున్న ప్రోగ్రాములోకి ఒక లైబ్రరీని తన చేతులతో తెచ్చి, ఒక సింబల్‌ను వెతికి పిలిచిన అనుభవం లేకుండానే చాలామంది పట్టా పుచ్చుకుంటున్నారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎదురయ్యే విషయం కళాశాలలో చివరి వారం దాకా ఎదురుకాకపోవడం బోధనలోని లోటు. పిల్లల లోటుగా దీన్ని చూడరాదు.

9. సభ విచారంతో నమోదు చేస్తున్నదేమనగా, కొత్త ల్యాబ్‌లో కంపైల్ చేసిన ప్రాజెక్టు పాత ల్యాబ్‌లో నడవకపోతే విద్యార్థి మార్కులు కోల్పోతున్నాడు. కారణం చెప్పేవారు అరుదు. 2021 ఆగస్టులో వచ్చిన లినక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.34లో, ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు పిలిచే సింబల్‌కు కొత్త వెర్షన్ గుర్తు వేశారు. అందువల్ల ఉబుంటు 22.04లో కంపైల్ అయిన అతి చిన్న ప్రోగ్రాము కూడా గ్లిబ్‌సీ 2.31 ఉన్న ఉబుంటు 20.04లో 'గ్లిబ్‌సీ 2.34 దొరకలేదు' అని ఆగిపోతుంది. పిల్లవాడి కోడ్‌లో తప్పు లేదు. అయినా తప్పు తనదేనని నమ్మి ఇంటికి పోతున్నాడు.

10. సభ విచారంతో నమోదు చేస్తున్నదేమనగా, ఒక డీఎల్ఎల్ కనబడలేదని మెసేజి రాగానే, ఆ పేరుతో ఊరూపేరూ లేని సైటులో ఏ ఫైలు దొరికితే దాన్ని దించి ప్రోగ్రాము పక్కన పెట్టే అలవాటు ఇంటర్నెట్ సెంటర్లలోనూ, ల్యాబ్‌లలోనూ పాతుకుపోయింది. లైబ్రరీలను వెతికే దారిని చేతికందిన ఫోల్డరుకు తిప్పి 'పని అయిపోయింది' అనుకునే అలవాటు కూడా అలాంటిదే. పరాయి కోడ్‌కు ఇంటి తాళం ఇస్తున్నామన్న ఎరుక ఎవరూ కలిగించకపోవడం సభకు బాధ కలిగించింది.

11. సభ విచారంతో నమోదు చేస్తున్నదేమనగా, జనం వాడే ప్రోగ్రాముల్లో లైబ్రరీ దొరకనప్పుడు తెర మీద పడే మాటలు వాడేవారికి గానీ, కౌంటరులో కూర్చున్నవారికి గానీ అర్థం కావు. లోపం ఏమిటో, ఏ ఫైలు లేదో, ఎవరికి చెప్పాలో తెలుగులో చెప్పడం పెద్ద ఖర్చు కాదు. చెప్పాలన్న ఆలోచన లేకపోవడమే అసలు కొరత.

మూడవ భాగం: సభ వైఖరి

12. సభ స్పష్టం చేయునదేమనగా, లోడ్ చేయడమంటేనే నడపడం. లైబ్రరీలో కన్‌స్ట్రక్టర్లు ఉంటే, ఒక్క సింబల్ కూడా అడగకముందే, డీఎల్‌ఓపెన్ తిరిగి వచ్చేలోపే అవి నడిచిపోతాయి. కనుక 'లోడ్ చేసి చూద్దాం, బాగులేకపోతే తీసేద్దాం' అనే మాటకు తావు లేదు. నమ్మకం లేని ఫైలును పరిశీలించాలంటే దాన్ని లోడ్ చేయకుండా రీడ్‌ఈఎల్ఎఫ్, ఆబ్జ్‌డంప్ వంటి పనిముట్లతోనే చూడాలి. కొన్ని సందర్భాల్లో ఆ ఫైలు కోడ్‌నే నడిపించగలదు కాబట్టి ఎల్‌డీడీని కూడా అలాంటి ఫైలు మీద ప్రయోగించరాదు.

13. సభ స్పష్టం చేయునదేమనగా, స్టాటిక్ లింకింగ్‌ను గానీ, డైనమిక్ లింకింగ్‌ను గానీ సభ నిందించడం లేదు. దేని చోటు దానికుంది. అయితే అక్షరాల కూర్పు, రహస్య సంకేతాల గణితం వంటి పనులు ఉమ్మడి లైబ్రరీల్లో ఉండడమే మేలని సభ అభిప్రాయం. సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా సాగే కె.సి. కాలువకు గట్టు ఒక్కటి, ఆయకట్టు ఎన్నో ఊళ్లది. గట్టు బాగుచేస్తే అన్ని పొలాలకూ మేలు, గండి పడితే అన్నిటికీ నష్టం. అందుకే గట్టును కాచుకోవడం ఆయకట్టుదారులందరి పని. ఉమ్మడి లైబ్రరీ విషయంలోనూ వాడుకునే ప్రతివారికీ అదే బాధ్యత ఉన్నదని సభ భావిస్తున్నది.

14. సభ స్పష్టం చేయునదేమనగా, తప్పనిసరి లైబ్రరీని మొదట్లోనే లింక్ చేయాలి. అది లేకపోతే ప్రోగ్రాము మొదట్లోనే ఆగి, కారణం చెప్పాలి. ఉంటే మేలు, లేకపోయినా పని జరుగుతుంది అన్నదాన్ని మాత్రమే నడుస్తుండగా లోడ్ చేయాలి. తప్పనిసరి దాన్ని ఐచ్ఛికంలా లోడ్ చేస్తే, లోపం పని సగంలో ఉండగా, అర్జీదారు ఎదురుగా ఉండగా బయటపడుతుంది.

15. సభ స్పష్టం చేయునదేమనగా, సింబల్ పేరు సరిపోవడం ఒప్పందం సరిపోయినట్టు కాదు. డీఎల్‌సిమ్ అడ్రసు ఇస్తుందే గానీ, ఆ ఫంక్షన్ ఎన్ని విలువలు తీసుకుంటుందో, ఏ రకం విలువ తిరిగి ఇస్తుందో చెప్పదు. ఆ సంగతి ప్రోగ్రామరు హెడర్ ఫైలులో చదివి తెలుసుకోవలసిందే. తప్పు రకంతో పిలిస్తే కంపైలరు హెచ్చరించదు, లోడరు ఆపదు.

16. సభ మెజారిటీతో నిర్ణయించినదేమనగా, లోడ్ చేసిన లైబ్రరీని నడిమధ్యలో డీఎల్‌క్లోజ్‌తో తీసివేయడాన్ని విద్యార్థుల ప్రాజెక్టులలో ప్రోత్సహించరాదు. తీసేసిన లైబ్రరీలోని ఫంక్షన్ అడ్రసు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ పిలుపు ఎటు పోతుందో చెప్పలేము. మజిల్ అనే సీ లైబ్రరీలో డీఎల్‌క్లోజ్ నిజానికి లైబ్రరీని తీసివేయనే తీసివేయదు. మెమరీ తక్కువగల యంత్రాలలో తీసివేత అవసరమని చెప్పిన సభ్యుల భిన్నాభిప్రాయాన్ని నమోదు చేయడమైనది.

నాలుగవ భాగం: సభ నిర్ణయాలు

17. సభ తీర్మానించినదేమనగా, సభలో భాగమైన ప్రతి ల్యాబ్‌లో మూడవ సంవత్సరం విద్యార్థులు ఈ కింది ప్రయోగాన్ని ఒక్కొక్కరుగా, తమ చేతులతో పూర్తి చేయాలి.

(అ) గణిత లైబ్రరీకి లింక్ చేయకుండా ప్రోగ్రాము రాయాలి. 'లిబ్‌ఎమ్ డాట్ ఎస్‌ఓ డాట్ 6'ను డీఎల్‌ఓపెన్‌తో తెచ్చి, డీఎల్‌సిమ్‌తో 'కాస్' సింబల్‌ను వెతికి, 1.0 ఇచ్చి పిలవాలి. తెర మీద 0.540302 పడాలి.

(ఆ) అదే ప్రోగ్రాములో సింబల్ పేరులో ఒక అక్షరం కావాలని తప్పు రాయాలి. డీఎల్‌సిమ్ సున్నా ఇచ్చిన తరువాత డీఎల్‌ఎర్రర్ ఏమి చెప్పిందో, ఏ ఫైలు పేరు చూపిందో రికార్డు పుస్తకంలో రాయాలి. సింబల్ విలువే సున్నా అయ్యే వీలుంది కాబట్టి, వెతకడానికి ముందు డీఎల్‌ఎర్రర్‌ను ఒకసారి పిలిచి పాత లోపాన్ని తుడిచి, తరువాత మళ్లీ అడగడం ఎందుకు అవసరమో వివరించాలి.

(ఇ) రెండు పూర్ణాంకాలు తీసుకునే 'యాడ్' అనే ఫంక్షన్‌ను సీ ప్లస్ ప్లస్‌లో రాసి, షేర్డ్ లైబ్రరీగా కట్టి, అదే పేరుతో వెతకాలి. అది దొరకదు. లైబ్రరీలోని సింబళ్ల పట్టికను ఎన్ఎమ్ పనిముట్టుతో తెరిచి చూస్తే, ముందు అండర్‌స్కోర్, తరువాత జెడ్, 3, ఆ పైన యాడ్, చివర రెండు ఐలు కలిసిన పేరు కనిపిస్తుంది. మూడు అక్షరాల పేరు, రెండు ఇంట్ విలువలు అన్న సమాచారం ఆ పేరులోనే ఉందని విద్యార్థి తానే కనిపెట్టాలి. ఎక్స్‌టర్న్ సీ చేర్చిన తరువాత అసలు పేరుతో దొరకడం చూడాలి.

(ఈ) లేని ఫంక్షన్‌ను పిలిచే లైబ్రరీని ఒకసారి లేజీ పద్ధతిలో, ఒకసారి నౌ పద్ధతిలో లోడ్ చేయాలి. మొదటిదానిలో ప్రోగ్రాము ఆ పిలుపు దగ్గరకు వచ్చాకే పడిపోతుంది, రెండవదానిలో లోడింగ్ దగ్గరే తెలిసిపోతుంది. జనానికి ఇచ్చే ప్రోగ్రాముకు ఏది తగునో విద్యార్థి సొంత మాటల్లో రాయాలి.

18. సభ తీర్మానించినదేమనగా, సభ్యులు రాసే, రాయించే, మార్కులు వేసే ప్రతి ప్రాజెక్టుకు ఈ నియమాలు వర్తిస్తాయి.

(అ) వెతుకులాట దారి తెలిసి ఉండాలి. పేరులో వాలుగీత ఉంటే లోడరు దాన్ని నేరుగా దారిగా తీసుకుంటుంది. లేకపోతే ప్రోగ్రాములో రాసిన దారులు, ఎల్‌డీ లైబ్రరీ పాత్ (ఆ దారుల రకాన్ని బట్టి ఈ రెండింటి వరుస మారుతుంది), క్యాష్, చివర సిస్టమ్ ఫోల్డర్లు వెతుకుతుంది. ప్రస్తుత ఫోల్డరును వెతికే దారిలో చేర్చరాదు.

(ఆ) ఐచ్ఛిక మాడ్యూళ్లను డీఎల్‌ఓపెన్ లోకల్ పద్ధతిలోనే లోడ్ చేయాలి. ఒక మాడ్యూలు సింబళ్లు మరొక మాడ్యూలు సింబళ్లకు అడ్డు రాకూడదు.

(ఇ) ప్రతి మాడ్యూలు తన వెర్షన్ చెప్పే ఒక ఫంక్షన్‌ను బయటపెట్టాలి. ప్రోగ్రాము ముందు దాన్నే పిలిచి, ఒప్పందం కుదిరితేనే మిగిలినవాటిని వెతకాలి.

(ఈ) లైబ్రరీ దొరకనప్పుడు ఏ సౌకర్యం ఆగిందో, ఏది కొనసాగుతున్నదో తెలుగులో చెప్పాలి. డీఎల్‌ఎర్రర్ ఇచ్చిన అసలు వాక్యాన్ని దాని కింద యథాతథంగా చూపాలి.

(ఉ) పంచే ప్రోగ్రాములను అవి నడవవలసిన యంత్రాలలో అన్నిటికంటే పాత సిస్టమ్ మీద కంపైల్ చేయాలి. వెర్షన్ తేడా వల్ల నడవని ప్రాజెక్టుకు ఆ కారణంతో మార్కులు తగ్గించరాదు.

19. సభ తీర్మానించినదేమనగా, ప్రతి ప్రాజెక్టుతో పాటు 'లోడింగ్ పట్టిక' ఒకటి జతచేయాలి. ప్రోగ్రాము నడుస్తుండగా తెచ్చుకునే ప్రతి లైబ్రరీ పేరు, వెర్షన్, వెతికే దారి, అడిగే సింబళ్లు, అది లేకపోతే జరిగేది అందులో ఉండాలి. వీలున్నచోట అదే సమాచారాన్ని ఈఎల్ఎఫ్ నోట్‌గా ఫైలులో చేర్చాలి. పట్టికలో లేని లైబ్రరీని లోడ్ చేసిన ప్రాజెక్టును, ఎంత బాగా నడిచినా, అసంపూర్ణంగా పరిగణించాలి.

20. సభ తీర్మానించినదేమనగా, తెలుగు అక్షరాలను చూపే ఏ లైబ్రరీని వాడినా, దాని పరీక్షలో ఒత్తులు, గుణింతాలు, కనిపించని జోడింపు గుర్తులు అన్నీ రావాలి. 'జ్ఞా', 'స్త్రీ', 'లక్ష్మి' వంటి మాటలు జీరో విడ్త్ నాన్ జాయినర్‌తోనూ, లేకుండానూ ఉండాలి. మన అక్షరాన్ని పరీక్షించే పని ఎక్కడో ఉన్నవారు చేస్తారని ఎదురుచూడరాదు. దొరికిన లోపాన్ని ఆ లైబ్రరీ నిర్వాహకులకు, మళ్లీ పుట్టించగల చిన్న ఉదాహరణతో సహా నివేదించడం సభ్యుల విధి.

21. సభ తీర్మానించినదేమనగా, ఈ అంశంపై పాఠాలను తెలుగులో రాయించాలి. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి, జమ్మలమడుగు, మైదుకూరు, బద్వేలు వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చే పిల్లలకు తెలివి తక్కువ కాలేదు, చేతికందే వివరణ తక్కువైంది. సాంకేతిక పేర్లను పరిశ్రమలో వాడే తీరులోనే ఉంచి, వివరణ అంతా పిల్లలు మాట్లాడే తెలుగులో సాగాలి.

22. సభ తీర్మానించినదేమనగా, ఉమ్మడి లైబ్రరీలను ఒంటరిగా మోస్తున్న నిర్వాహకుల భారాన్ని వాడుకరులు పంచుకోవాలి. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి దాదాపు ఒక్క స్వచ్ఛంద నిర్వాహకుడే నిలబెట్టాడు. ఆ ఒంటరి పనిలోని అలసటే దొంగకు దారి ఇచ్చింది. ప్రతి ల్యాబ్ తాను రోజూ వాడే లైబ్రరీలలో ఒకదాన్ని ఎంచుకుని, పరీక్షలు రాయడంలో, పత్రాలు సరిచేయడంలో, లోపాలు నివేదించడంలో ఏటా పాలుపంచుకోవాలి.

అయిదవ భాగం: సభ విజ్ఞప్తులు

23. సభ కోరుతున్నదేమనగా, అనంతపురం జేఎన్‌టీయూ, రాయలసీమ విశ్వవిద్యాలయం, యోగి వేమన విశ్వవిద్యాలయం తమ పాఠ్యప్రణాళిక మండళ్ల ముందు ఈ తీర్మానాన్ని ఉంచి, 17వ అంశంలోని ప్రయోగాన్ని ల్యాబ్ జాబితాలో చేర్చాలి.

24. సభ కోరుతున్నదేమనగా, జగన్నాథగట్టు మీది ఐఐఐటీడీఎం, పల్లె పిల్లల కోసం 2008లో ఏర్పడిన ఇడుపులపాయ ఆర్‌జీయూకేటీ తమ ల్యాబ్‌లను సెలవు దినాల్లో చుట్టుపక్కల కళాశాలల అధ్యాపకుల శిక్షణకు తెరవాలి. శిక్షణ పొందని అధ్యాపకునికి కొత్త పాఠం అప్పగించడం అతనికీ, విద్యార్థికీ న్యాయం కాదు.

25. సభ కోరుతున్నదేమనగా, మీసేవకు, గ్రామ, వార్డు సచివాలయాలకు సాఫ్ట్‌వేర్ కొనే ప్రభుత్వ శాఖలు టెండరు నిబంధనల్లో లోడింగ్ పట్టికను తప్పనిసరి చేయాలి. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ విడుదల చేసిన ఎస్‌బామ్ మార్గదర్శకాలు సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితా ఉండాలని ఇప్పటికే చెబుతున్నాయి. నడుస్తుండగా తెచ్చుకునే లైబ్రరీలు ఆ జాబితా నుంచి జారిపోకుండా చూడాలి. ప్రజల భూమి పత్రం, కుల ధ్రువపత్రం, పింఛను అర్జీ ఏ కోడ్ గుండా పోతున్నదో తెలుసుకునే హక్కు ప్రజలకు ఉన్నదని సభ ప్రకటిస్తున్నది.

26. సభ కోరుతున్నదేమనగా, హైదరాబాదు, బెంగళూరు, అమెరికా తదితర ప్రాంతాల్లో లింకర్లు, లోడర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పనిచేస్తున్న ఈ జిల్లాలవారు తెలుగు పాఠాల రచనలోనూ, పరిశీలనలోనూ తమ సమయం ఇవ్వాలి. విరాళం కంటే ఆ సమయమే ఇక్కడి ల్యాబ్‌లకు ఎక్కువ ఉపయోగమని సభ అభిప్రాయం.

ఆరవ భాగం: అమలు

27. సభ నియమించినదేమనగా, జిల్లాకు ముగ్గురు చొప్పున సభ్యులతో ఒక కార్యసంఘం ఏర్పడుతుంది. అందులో జిల్లాకు ఒకరు తప్పక విద్యార్థి అయి ఉండాలి. పాఠాల రచన, లోడింగ్ పట్టిక నమూనా, అక్షర పరీక్షల సంపుటి ఈ సంఘం బాధ్యతలు. మూడూ ఎవరైనా ఉచితంగా తీసుకుని, మార్చుకుని, పంచుకునే అనుమతితో విడుదల కావాలి.

28. సభ నిర్ణయించినదేమనగా, తరువాతి సభ కడపలో జరుగుతుంది. ప్రతి ల్యాబ్ తాను పూర్తి చేసిన ప్రయోగాలు, నివేదించిన లోపాలు, అమలు చేయలేకపోయిన అంశాలు, వాటి కారణాలను లిఖితపూర్వకంగా ఆ సభ ముందు ఉంచాలి.

29. సభ ఆదేశించినదేమనగా, ఈ తీర్మానం ప్రతులను పై విశ్వవిద్యాలయాలకు, విద్యాసంస్థలకు, సంబంధిత ప్రభుత్వ శాఖలకు పంపాలి. ఒక ప్రతిని ప్రతి ల్యాబ్ గోడ మీద, విద్యార్థులు చదవగల ఎత్తులో అతికించాలి.

16వ అంశం మెజారిటీతో, మిగిలిన అంశాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. 18, 19 అంశాలు ఈ విద్యాసంవత్సరపు ప్రాజెక్టుల నుంచే అమలులోకి వస్తాయి.

అధ్యక్షులు
కార్యదర్శి